ట్రాకింగ్ దొరికేదాకా

క్యాసెట్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పెట్టి చూస్తున్నాను. నల్లటి డబ్బా మీదున్న చిన్న ప్లాస్టిక్ గడిలోంచి టేపు చుట్ట కనిపిస్తోంది. నల్లగా, నున్నగా ఉండాల్సిన చుట్ట అంచున అక్కడక్కడ తెల్లటి పొడి మచ్చలు. లేబుల్ మీద నాన్న చేతిరాత: ‘పెద్దమ్మాయి పెళ్లి, రెండో క్యాసెట్, మే 1994’.

“పౌడర్ ఏమైనా పడిందా బాబాయ్?” అంటోంది అన్నయ్య కూతురు, ల్యాప్‌టాప్ తెరుస్తూ.

“పౌడర్ కాదు తల్లీ, బూజు. దాన్ని డెక్కులో పెట్టకు. విడిగా ఉంచు.”

కాకినాడ గాలిలో ఉప్పూ తేమా ఏడాది పొడవునా ఉంటాయి. ఈ క్యాసెట్లన్నీ బీరువా పైఅరలో, పాలిథిన్ సంచిలో మూటకట్టి ఉన్నాయి. లోపలికి చేరిన తేమకు బయటికి పోయే దారి లేదు. టేపు మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు మీదే బూజు బతుకుతుంది. బూజు పట్టిన ఒక్క క్యాసెట్‌ను డెక్కులో తిప్పితే ఆ పొడి గైడు రోలర్లకూ హెడ్లకూ అంటుకుంటుంది. ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అదే అంటుతుంది. అందుకే బల్ల మీద రెండు వరుసలు పెట్టాం. మచ్చలేనివి ఎడమవైపు, మచ్చలున్నవి కుడివైపు. కుడివైపు వరుస చిన్నదే. కానీ అమ్మ అడుగుతున్నది ఆ వరుసలోని క్యాసెట్టే.

“మీ నాన్నగారు అందులోనే మాట్లాడతార్రా” అంటోంది అమ్మ, కుర్చీలోంచి కదలకుండా. “అప్పగింతలప్పుడు.”

మెకానిక్ గారు వచ్చారు. ఒకప్పుడు టీవీ, వీసీఆర్ రాత్రికి అద్దెకిచ్చే షాపులన్నిటికీ డెక్కులు బాగుచేసిన మనిషి. ఇప్పుడు ఆయన సంచిలో మిక్సీల బ్రష్‌లు, ఇండక్షన్ పొయ్యిల ఫ్యూజులు ఉన్నాయి. వాటి కింద నుంచి ఒక పొట్లం తీశారు. అందులో రకరకాల రబ్బరు బెల్టులు.

మా డెక్కు మావయ్య మస్కట్ నుంచి తెచ్చింది. నాలుగు హెడ్లది, హై-ఫై సౌండుది, మన దేశపు పాల్‌తో పాటు అమెరికా ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్లు కూడా ఆడేది. కరెంటు ఇస్తే గడియారం వెలుగుతోంది. ఖాళీ క్యాసెట్ ఒకటి పెడితే మింగింది, లోపల గిరగిరమన్న చప్పుడు, మళ్లీ బయటికి నెట్టేసింది. చూస్తే బోర్డు కాలిపోయిందనిపిస్తుంది.

“బోర్డు కాదండి, బెల్టు” అన్నారాయన, మూత విప్పకముందే. ప్లగ్ పీకి, మూత తీసి, లోపలి బెల్టును గోటితో లాగి చూపించారు. రబ్బరు గట్టిపడి నునుపెక్కి మెరుస్తోంది. టేపును బయటికి లాగి డ్రమ్ము చుట్టూ చుట్టే పనిలో ఆ బెల్టు జారిపోతోంది. అనుకున్న సమయానికి పని అవకపోయేసరికి డెక్కు తనంతట తానే ఆగి క్యాసెట్‌ను బయటికి పంపుతోంది. డెక్కు నిజంగా పాడైందనుకుని ఎంతమంది పాతసామాన్లకు వేసేశారో! టేపు నలిగిపోవడానికి కూడా చాలాసార్లు ఇలాంటి రబ్బరే కారణం. చుట్టే రీలు సరిగా తిరగకపోతే, బయటికొచ్చిన టేపు లోపలే కుప్పపడి ఇరుక్కుంటుంది.

బెల్టులు మారాయి. ఇక హెడ్లు. వేలంత ఎత్తున్న ఆ వెండి రంగు డ్రమ్ము అడ్డకొలత 62 మిల్లీమీటర్లు. టేపు మెల్లగా, సెకనుకు 2.34 సెంటీమీటర్లే నడుస్తుంది. డ్రమ్ము మాత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, దాని అంచున ఉన్న హెడ్లు టేపును ఏటవాలుగా రాసుకుంటూ పోతాయి. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. అర అంగుళం టేపు మీద బొమ్మంతా ఆ ఏటవాలు గీతల్లోనే ఉంది. గొర్రు సాలు తప్పితే గింజ గట్టు మీద పడినట్టు, హెడ్డు ఆ గీత తప్పితే తెర మీద తెల్లటి చారలు పడతాయి. ట్రాకింగ్ మీట తిప్పడమంటే హెడ్డును మళ్లీ సాలులోకి తేవడమే.

మెకానిక్ గారు తెల్ల కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకున్నారు. రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని నెమ్మదిగా తిప్పుతున్నారు. కాగితం మీద గోధుమరంగు గీత పడింది.

“కాగితం కదలకూడదమ్మా, డ్రమ్మే కదలాలి” అని అమ్మాయికి చెబుతున్నారు. “పైకీ కిందికీ రుద్దావా, హెడ్డు విరిగిపోద్ది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు అసలొద్దు. ఒక్క పోగు తగులుకుందంటే చాలు.”

దూది పుల్లలు రోలర్లకూ, శబ్దం చదివే హెడ్డుకూ పనికొస్తాయి. డ్రమ్ముకు పనికిరావు. ఇది తెలియక ఇంట్లో కూర్చుని హెడ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మళ్లీ హెడ్లు కొందామంటే దొరికే రోజులు కావివి.

బూజు పట్టిన క్యాసెట్‌ను ఆయన వరండాలోకి తీసుకెళ్లారు, ముక్కుకు గుడ్డ కట్టుకుని. అందుకోసం వేరే పాత డెక్కు ఉంది ఆయన దగ్గర. డ్రమ్ము చుట్టూ టేపు చుట్టుకోకుండా, ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పడానికి మాత్రమే వాడతారు. టేపు నడిచే దారిలో రెండు వైపులా మెత్తటి, నూగు రాలని గుడ్డను తేలిగ్గా ఆనించారు. మూడు గంటల క్యాసెట్‌లో టేపు పావు కిలోమీటరుకు పైనే ఉంటుంది. అదంతా ఆ గుడ్డ మధ్య నుంచి పోవాలి. గుడ్డ మసిబారగానే మారుస్తున్నారు. ఎక్కడైనా బిగుతుగా అనిపిస్తే ఆపి, చేత్తో తిప్పి, మళ్లీ నడిపిస్తున్నారు. తొందరపడితే అతుక్కున్న చోట టేపు చిరుగుతుంది. పని ఆయనకు వదిలి మేం లోపలికొచ్చాం.

డెక్కు వెనక మూడు రంగుల తీగలు: పసుపు బొమ్మకు, ఎరుపు తెలుపు శబ్దానికి. ముందు వీటిని పాత డబ్బా టీవీకి కలిపాం. ఈ మెట్టు ఎవరూ దాటవేయకూడదని నా గట్టి నమ్మకం. టీవీలో బొమ్మ బాగా వస్తే క్యాసెట్, డెక్కు, తీగలు మూడూ బాగున్నట్టే. ఆ తర్వాత ఏ తేడా వచ్చినా వెతకాల్సింది కంప్యూటర్ వైపు. ఈ పరీక్ష చేయకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపినవాళ్లు దోషం ఎక్కడుందో తెలియక రోజులు పోగొట్టుకుంటారు.

టీవీలో మచ్చలేని వరుసలోని మొదటి క్యాసెట్ ఆడుతోంది. కల్యాణ మండపం గుమ్మం, అరటి బోదెలు, సన్నాయి. అమ్మ ముందుకు వంగింది.

ఇప్పుడు తీగలు తీసి చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి పెట్టాం. ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంది.

“ఏమీ రావట్లేదు బాబాయ్.”

“ఇన్‌పుట్ ఏది ఎంచుకున్నావ్?”

ఎస్-వీడియో ఉంది. పసుపు తీగకు తగ్గ కాంపోజిట్‌కు మార్చింది. బొమ్మ వచ్చింది కానీ రంగు లేదు, కిందికి జారిపోతోంది. ప్రమాణం ఎన్‌టీఎస్‌సీ అని ఉంది. మన దేశంలో రికార్డయిన క్యాసెట్లు పాల్: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. పాల్ బీ అని మార్చగానే రంగులు కుదురుకున్నాయి. శబ్దం మాత్రం లేదు. విండోస్ 10, 11లు యూఎస్‌బీ పరికరం నుంచి వచ్చే బొమ్మను కెమెరాగానూ, శబ్దాన్ని మైక్‌గానూ లెక్కేస్తాయి. ప్రైవసీ సెట్టింగుల్లో ఆ రెండిటికీ అనుమతి లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఫలితం ఉండదు. అమ్మాయి మైక్ అనుమతి ఇచ్చింది. సన్నాయితో గది నిండింది.

రికార్డింగ్ మొదలైంది. వర్చువల్‌డబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. చూడ్డానికి పాతకాలపుది. కానీ ఎన్ని ఫ్రేములు పోయాయో, ఎన్ని చేర్చిందో ఎప్పటికప్పుడు అంకెల్లో చూపిస్తుంది. ఈ పనిలో నాకు అందమైన బటన్ల కంటే ఆ అంకెలే ముఖ్యం.

కొద్దిసేపటికే రికార్డింగ్ ఆగిపోయింది. డిస్కులో చోటు బోలెడంత ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32లో ఉంది, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. కుదింపు లేకుండా పాల్ బొమ్మ పట్టుకుంటే గంటకు దాదాపు 75 జీబీ అవుతుంది. నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ లాంటి కోడెక్‌తో కూడా గంటకు 30 జీబీ దాకా పడుతుంది. ఎనిమిది నిమిషాలకే 4 జీబీ నిండిపోయింది. డిస్కులో ఉన్నవి వేరే చోటికి తీసి ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చాం.

మళ్లీ మొదలు. ఈసారి అసలు ఇబ్బంది బయటపడింది.

తెర పైభాగంలో బొమ్మ ఒక పక్కకు వంగుతోంది. మండపం పైకప్పు జెండాలా ఊగుతోంది. టీవీలో ఇది కనిపించలేదు. కింద అంకెలు చూడండి: పోయిన ఫ్రేములు 3, 7, 12, 19. ఒక్కోసారి తెర ఒక్క క్షణం నీలంగా మారి మళ్లీ వస్తోంది. ఓ చోట ఇది కాపీరైటు రక్షణ ఉన్న క్యాసెట్ అని, రికార్డు చేయడం కుదరదని హెచ్చరిక కూడా వచ్చింది.

“మనింటి పెళ్లికి కాపీరైటేంటి?” అంది అమ్మాయి.

పెళ్లి క్యాసెట్‌కు ఏ రక్షణా లేదు. సినిమా క్యాసెట్లను నకలు చేయకుండా ఒకప్పుడు మాక్రోవిజన్ అనే పద్ధతి వాడేవారు. బొమ్మకు పైన, కంటికి కనిపించని గీతల్లో సంకేతపు బలాన్ని కావాలని ఎగుడుదిగుడు చేసేవారు. పాతబడిన టేపు నుంచి వచ్చే సంకేతం దానంతట అదే ఎగుడుదిగుడుగా ఉంటుంది. క్యాప్చర్ పరికరం రెండిటికీ తేడా తెలుసుకోలేక ఆపేస్తోంది.

వంగడానికీ, ఫ్రేములు పోవడానికీ మూలం ఒకటే. ఇన్నేళ్లలో టేపు కాస్త సాగుతుంది, కాస్త ముడుచుకుంటుంది. దాంతో ఒక్కో గీతా రావాల్సిన క్షణానికి కొంచెం ముందో వెనకో వస్తుంది. పాత డబ్బా టీవీ ఈ తేడాను సర్దుకుపోతుంది. కంప్యూటర్ సర్దుకోదు. గీత మొదలు ఎక్కడో దొరక్కపోతే ఫ్రేమునే వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా నడుస్తుంది. వెయ్యి ఫ్రేములకు ఒక్కటి పోయినా గంటకు 90 ఫ్రేములు, అంటే 3.6 సెకన్లు. క్యాసెట్ మొదట్లో పెదవీ మాటా కలిసే ఉంటాయి. చివరికొచ్చేసరికి పురోహితుడు చేయి దించాక మూడు సెకన్లకు మంత్రం వినిపిస్తుంది. చాలామంది ఇక్కడే శబ్దాన్ని ముందుకో వెనక్కో జరిపి సరిపెట్టాలని చూస్తారు. మొదలు కలిస్తే చివర కలవదు, చివర కలిస్తే మొదలు కలవదు. అసలు ఫ్రేములను పోనివ్వకుండా చూడటం ఒక్కటే దారి.

ముందు సులువైనవి చూసుకున్నాం. క్యాప్చర్ పరికరం యూఎస్‌బీ హబ్‌లో ఉంది, డిస్కు కూడా అదే హబ్‌లో. పరికరాన్ని తీసి ల్యాప్‌టాప్‌కు నేరుగా పెట్టాం. వైఫై, బ్రౌజర్, యాంటీవైరస్ స్కాన్ అన్నీ ఆపాం. డెక్కు మెనూలో బ్లూ బ్యాక్ అని ఒకటుంది. సంకేతం బలహీనమైతే బొమ్మను తీసేసి నీలం తెర చూపించే ఏర్పాటు అది. దాన్ని ఆపేశాం. నీలం తెర పోయింది, మెకానిక్ గారు ట్రాకింగ్ సరిచేశాక చారలు తగ్గాయి. పోయిన ఫ్రేముల అంకె మాత్రం మెల్లగా పెరుగుతూనే ఉంది.

అసలు మందు టైమ్ బేస్ కరెక్టర్. వచ్చిన గీతలను ఒక్క క్షణం తన దగ్గర పెట్టుకుని, సమానమైన వ్యవధిలో బయటికి పంపే యంత్రం. స్టూడియోల్లో వాడేది ఇంటికి కొనలేం. కానీ అటకెక్కిన కొన్ని డీవీడీ రికార్డర్లలో ఈ పని కొంతవరకు చేసే సర్క్యూట్ ఉంది. డిస్కు పెట్టనక్కర్లేదు. డెక్కు నుంచి తీగ రికార్డర్‌లోకి, రికార్డర్ నుంచి క్యాప్చర్ పరికరానికి. మా పక్కింటివాళ్ల దగ్గర ఒకటి మూలనపడి ఉంటే అమ్మాయి వెళ్లి తెచ్చింది. దుమ్ము దులిపి మధ్యలో కలిపాం.

పైకప్పు నిటారుగా నిలబడింది. పోయిన ఫ్రేముల దగ్గర అంకె సున్నా. పది నిమిషాలు చూశాం, సున్నాయే. కాపీరైటు హెచ్చరిక మళ్లీ రాలేదు. ఇంటి దగ్గర ఈ పని చేసేవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి ముందు ఇలాంటి పాత రికార్డర్ కోసం బంధువుల ఇళ్లలో వెతకడం మంచిది.

తలంబ్రాలు వచ్చాయి. ఆగిన బొమ్మలో చూస్తే చేతుల అంచులు సన్నటి అడ్డగీతలుగా చీలి ఉన్నాయి. అమ్మాయి కంగారుపడింది. ఇది దోషం కాదు. పాల్ బొమ్మలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, సెకనుకు 50 చొప్పున వస్తుంది. అక్క చేయి మొదటి సగంలో ఒకచోట, రెండో సగంలో ఇంకోచోట ఉంది. దీన్ని సరిచేసే పని పట్టుకునేటప్పుడు పెట్టుకోకూడదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు దాచుకుని, ఫోన్లలో చూసుకునే నకలు తయారుచేసేటప్పుడు సెకనుకు 50 ఫ్రేములుగా విడదీస్తే కదలిక కూడా సాఫీగా ఉంటుంది. తెర అట్టడుగున చిరిగినట్టు కనిపించే రెండు మూడు గీతలు కూడా అంతే. ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మారే చోటు అది. పాత టీవీల్లో చట్రం వెనక దాగిపోయేది.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే బొమ్మ మీద లేత నీడపట్టీ ఒకటి మెల్లగా పైకి పాకడం మొదలైంది. శబ్దంలో సన్నటి గుర్‌ర్ మోత. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, పాల్ ఫీల్డులూ (ఆ సగం బొమ్మలూ) 50. అందుకే పట్టీ గబగబా పరుగెత్తదు, ఈదుతున్నట్టు కదులుతుంది. చార్జర్ తీస్తే పోయింది. డెక్కు వెనక ఎప్పటిదో కేబుల్ టీవీ తీగ ఇంకా తగిలించే ఉంది. దాన్ని పీకి, అన్నిటినీ ఎర్తు ఉన్న ఒకే బోర్డుకు పెడితే చార్జర్ ఉన్నా పట్టీ రాలేదు.

తర్వాతి క్యాసెట్ మీద ఇంగ్లిషులో రాసి ఉంది. 1998లో న్యూజెర్సీలో మా పెద్దన్నయ్య కొడుకు బారసాల. అది ఎన్‌టీఎస్‌సీ. అప్పట్లో అమెరికా నుంచి వచ్చిన ఇలాంటి క్యాసెట్లు మన ఊళ్లలో చాలా ఇళ్లలో చూడకుండానే ఉండిపోయాయి. మామూలు డెక్కులో పెడితే గోల గోలగా కనిపించేవి. మా డెక్కు ఆడుతోంది కానీ ల్యాప్‌టాప్‌లో పాల్ పెడితే జారిపోతోంది, ఎన్‌టీఎస్‌సీ పెడితే నలుపు తెలుపుల్లో వస్తోంది.

మెకానిక్ గారు వరండాలోంచి తల లోపలికి పెట్టారు. “వెనకాల స్విచ్చుంటది చూడండి. పాల్ టీవీలో ఆడించేందుకు మార్చి పంపుతోందది.”

నిజమే. పాల్ టీవీల కోసం ఈ డెక్కులు ఒక మధ్యరకం సంకేతం ఇస్తాయి. గీతలూ వేగమూ అమెరికావి, రంగు మాత్రం పాల్ పద్ధతిలో. దానికి పాల్-60 అని పేరు. క్యాప్చర్ సెట్టింగుల్లో పాల్-60 ఎంచుకుంటే రంగొస్తుంది. అంతకంటే మంచిది స్విచ్చు మార్చి అసలు ఎన్‌టీఎస్‌సీనే బయటికి తీయడం. అలాగే చేశాం. ఉయ్యాల చుట్టూ పట్టుచీరల మీద స్వెట్టర్లు వేసుకున్న ఆడవాళ్లు, వాళ్ల వెనక కిటికీలో మంచు. “వీడా! ఇప్పుడు ఆరడుగులున్నాడు” అంటూ అమ్మ తెర దగ్గరికొచ్చింది.

సాయంత్రానికి బూజు క్యాసెట్ సిద్ధమైంది. మెకానిక్ గారు హెడ్లు మరోసారి తుడిచి తానే లోపలికి పెట్టారు. మొదట తెరంతా చారలు. ట్రాకింగ్ ఒక్కో గీటూ తిప్పుతున్నారు. చారలు కిందికి దిగి, సన్నబడి, అంచుకు చేరాయి. అప్పగింతలు. అక్క తల వంచుకుని ఉంది. నాన్న ఆమె చేయి పట్టుకుని బావగారి తల్లి చేతిలో పెడుతూ ఏదో చెబుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట.

వీడియో తీసినాయన అప్పగింతల మీద విషాదగీతం వేశాడు. ఆ రోజుల్లో అందరి పెళ్లిళ్లలోనూ ఇంతే. అమ్మ ఏమీ అనలేదు.

అమ్మాయి నా వైపు చూసింది. “పాట తీసేయొచ్చా?”

కలిసిపోయిన శబ్దంలోంచి పాటను తీసేయడం వేరే సంగతి. కానీ ఇక్కడ ముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది. వీహెచ్ఎస్ టేపులో శబ్దం రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి టేపు పైఅంచున, తిన్నగా నడిచే సన్నటి మామూలు ట్రాక్. ఇది అన్ని క్యాసెట్లలోనూ ఉంటుంది. రెండోది హై-ఫై. ఇది బొమ్మతో పాటే, తిరిగే డ్రమ్ము మీది వేరే హెడ్లతో, బొమ్మ కింద లోతున రాసుకుంటుంది. డెక్కులోని ఆడియో డబ్ మీటతో పాట వేస్తే చెరిగేది పైఅంచు ట్రాక్ ఒక్కటే. హై-ఫై ట్రాక్‌ను ముట్టుకోవాలంటే బొమ్మ కూడా చెరిపేయాలి. కెమెరా హై-ఫైది అయ్యుండి, ఇది మిక్సింగ్‌లో మరో టేపుకు ఎక్కని అసలు క్యాసెట్ అయితే, ఆ రోజు మాటలు ఇంకా కింద ఉండాలి. మిక్సింగ్ చేసిన మొదటి క్యాసెట్‌లో ఆ ఆశ లేదు. రెండో క్యాసెట్ నాన్న అడిగి తెచ్చుకున్న అసలుది.

డెక్కు ముందు చిన్న మూత తెరిస్తే ఆడియో అవుట్ అని మీట ఉంది. నార్మల్ మీద ఉంది. మెకానిక్ గారు దాన్ని హై-ఫైకి జరిపారు.

పాట ఆగింది. గరగరమని ఓ చప్పుడు. బూజు పట్టినచోట హై-ఫై తెగి తెగి వస్తుంది. బొమ్మకు బాగుండే ట్రాకింగ్ దానికి సరిపోలేదు. ఆయన బొమ్మను పట్టించుకోకుండా చెవితో వింటూ తిప్పుతున్నారు. కాసిని చారలు తిరిగొచ్చాయి. జనం రొద, ఎవరో పిల్లాడి ఏడుపు, గిన్నెల చప్పుడు. వాటి మధ్య నుంచి నాన్న గొంతు.

“…కోపమొస్తే అన్నం తినదండి. ఒక్క మాట బతిమాలితే చాలు.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అదే. ఆ మాటే” అంటోంది. మెకానిక్ గారు మీట మీద నుంచి చేయి తీయలేదు. క్యాసెట్ మొదటికి తిప్పి ఈ భాగాన్ని రెండుసార్లు పట్టుకున్నాం. ఒకసారి బొమ్మ బాగుండేలా, ఒకసారి మాట బాగుండేలా. రెండిటినీ తర్వాత కంప్యూటర్‌లో కలుపుకోవచ్చు.

అక్క ఇంటికి ఫోను చేసి ఆమెను లైన్లో ఉంచి అమ్మాయి ఆ ముక్క వినిపిస్తుంటే, నేను ఫైళ్లు సర్దుతున్నాను. పట్టుకున్న అసలు ఫైళ్లు ఏ మార్పూ లేకుండా ఒక డిస్కులో, వాటి నకలు అన్నయ్య ఇంట్లో ఉండే మరో డిస్కులో. అందరికీ పంపడానికి చిన్న ఎంపీ4లు విడిగా. రంగులు పెంచడం, గరుకు తగ్గించడం లాంటివన్నీ నకళ్ల మీదే. క్యాసెట్లు పారేయడం లేదు. సంచి తీసేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూతున్న డబ్బాలో నిలువుగా పెట్టాం. రేపు ఇంకా మంచి యంత్రం దొరికితే మళ్లీ చదవడానికి టేపు ఉండాలి.

జేవీసీ జపాన్‌లో వీహెచ్ఎస్‌ను 1976లో విడుదల చేసింది. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది. అయస్కాంతపు టేపుల మీదున్నవి 2025లోపు డిజిటల్‌లోకి మార్చకపోతే చాలావరకు పోతాయని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది. టేపుల కంటే ముందు డెక్కులూ, వాటిని బాగుచేయగల మనుషులూ కరువవుతున్నారు.

మీ బీరువాలో క్యాసెట్లుంటే ఈ వారంలోనే తీసి వెలుతురుకు పెట్టి చూడండి. తెల్ల మచ్చ కనిపిస్తే ఆడించకండి. డెక్కు పనిచేయకపోతే పాతసామాన్లకు వేయకండి, బెల్టు మార్చి చూడండి. మీ ఊళ్లో ఒకప్పుడు వీసీఆర్‌లు బాగుచేసినవాళ్లు ఎవరున్నారో వాకబు చేసి, వాళ్ల చేయి ఆడుతుండగానే పిలిపించండి. పాటలు వేసిన పెళ్లి క్యాసెట్ అయితే, హై-ఫై మీట నొక్కి ఒకసారి వినకుండా పక్కన పెట్టకండి.